40వ నంబర్ డిపార్ట్‌మెంట్: డేటాబేస్ క్లాసుల చరిత్ర, అందులో మన చోటు

పోస్టు కొంచెం పొడుగు. తీరిక చూసుకుని చదవండి.

అమీర్‌పేటలో ఒరాకిల్ నేర్చుకున్న అన్నల్ని, అక్కల్ని ఎవర్నైనా అడగండి. క్లాసులో మొదట చూసిన టేబుల్ ఏదంటే దాదాపు అందరూ ఒకటే పేరు చెప్తారు: ఈఎంపీ. అందులో 14 మంది ఉద్యోగులు. స్మిత్ అనే క్లర్కు, జీతం 800. కింగ్ అనే ప్రెసిడెంటు, జీతం 5000. దానికి తోడు డెప్ట్ అని ఇంకో టేబుల్. అందులో నాలుగే వరసలు: 10 అకౌంటింగ్ న్యూయార్క్, 20 రీసెర్చ్ డల్లాస్, 30 సేల్స్ చికాగో, 40 ఆపరేషన్స్ బోస్టన్. డల్లాస్ ఎక్కడుందో తెలియని మన తెలుగు పిల్లలు ఏళ్ల తరబడి ఈ 14 మంది జీతాలు కూడి, తీసేసి, సగటు కట్టి ఉద్యోగాలు తెచ్చుకున్నారు.

ఈ క్లాసు అనేది ఎట్లా పుట్టింది, ఎవరికి తలుపు తీసింది, ఎవరు గడప దగ్గరే ఆగిపోయారు, ఆ 40వ నంబర్ డిపార్ట్‌మెంట్‌కీ మన గూడేలకీ ఏంటి సంబంధం. ఇదీ ఈ పోస్టు విషయం.

దారి తెలిసినోడిదే రాజ్యం

1960ల్లో కంప్యూటర్ అంటే ఒక పెద్ద ఏసీ గది. దాంట్లో సమాచారం దాచడానికి జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో చార్లెస్ బాక్‌మన్ ఐడీఎస్ అనే వ్యవస్థ తయారుచేశాడు. చంద్రుడి మీదికి మనిషిని పంపే అపోలో పథకం కోసం ఐబీఎం వాళ్లు ఐఎంఎస్ కట్టారు. రెండూ గొప్పవే. కానీ వాటిలో ఒక చిన్న వివరం తియ్యాలన్నా, ఆ వివరం ఏ దారిలో ఉందో ప్రోగ్రామరుకి ముందే తెలిసుండాలి. ఈ రికార్డు పట్టుకుని ఆ రికార్డుకి పోవాలి, అక్కణ్నించి ఇంకోదానికి పోవాలి. అడవిలో దారి తెలిసిన ఒక్క మనిషి వెనకాల ఊరంతా నడిచినట్టన్నమాట. బాక్‌మన్ 1973లో ట్యూరింగ్ అవార్డు తీసుకున్నప్పుడు చేసిన ప్రసంగంలో ప్రోగ్రామర్ని దారి నడిపే నావికుడిగానే వర్ణించాడు.

దీన్ని మార్చింది ఎడ్గర్ కాడ్. ఐబీఎం వాళ్ల శాన్ హోసే ప్రయోగశాలలో పనిచేసే గణితం మనిషి. 1970లో ఒక వ్యాసం రాశాడు. సమాచారం మొత్తాన్ని మామూలు పట్టికల్లో పెట్టండి, వరసలు, నిలువు గడులు, అంతే. దారి చెప్పాల్సిన పని మనిషికి వద్దు. ఏం కావాలో చెప్తే చాలు, ఎట్లా తేవాలో యంత్రం చూసుకుంటుంది. ఇదీ దాని సారం.

1974లో అదే ఐబీఎంలో డోనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయ్స్ అనే ఇద్దరు కుర్రాళ్లు ఈ పట్టికల్ని ప్రశ్నలు అడగడానికి ఒక భాష రాశారు. పేరు సీక్వెల్. ఆ పేరు మీద అప్పటికే ఒక విమానాల కంపెనీకి ట్రేడ్‌మార్క్ ఉండటంతో తర్వాత ఎస్‌క్యూఎల్ అయింది. బాయ్స్ అదే ఏడాది చిన్న వయసులోనే చనిపోయాడు. ఈ భాషని వాళ్లు రాసింది ప్రోగ్రామర్ల కోసం మాత్రమే కాదు. లెక్కలు పెద్దగా రాని, కంప్యూటర్ చదువు చదవని మామూలు ఉద్యోగి కూడా తన ప్రశ్న తానే అడుక్కోవాలని రాశారు. అందుకే అది చిన్న చిన్న మామూలు మాటల్లో ఉంటుంది: ఇది ఎంచు, ఈ పట్టికలోంచి, ఈ షరతు ఉన్నచోట. పుట్టుకలోనే ఇది తలుపు తెరవడానికి పుట్టిన భాష. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఐబీఎం తన సరుకు తాను అమ్మడంలో ఆలస్యం చేసింది. ఈ లోపు ల్యారీ ఎలిసన్, బాబ్ మైనర్, ఎడ్ ఓట్స్ కలిసి 1977లో ఒక చిన్న కంపెనీ పెట్టి, కాడ్ వ్యాసమూ ఐబీఎం ప్రచురించిన పేపర్లూ చదివి, 1979లో ఒరాకిల్ అమ్మకానికి పెట్టేశారు. ఒరాకిల్ క్లాసులో లాగిన్ అయ్యేటప్పుడు స్కాట్ అని పేరు, టైగర్ అని పాస్‌వర్డ్ కొట్టిస్తారు కదా. ఆ స్కాట్ అంటే కంపెనీ మొదటి ఉద్యోగుల్లో ఒకడైన బ్రూస్ స్కాట్. టైగర్ వాళ్ల ఇంటి పిల్లి. ఆ పిల్లి పేరు కొట్టి మనోళ్లు అమెరికా దాకా పోయారు.

మన దేశంలో గది ఎట్లా తెరుచుకుంది

మన దగ్గర 1978లో ఐబీఎం దేశం వదిలి వెళ్లిపోయింది. విదేశీ కంపెనీలు వాటా తగ్గించుకోవాలన్న చట్టానికి ఒప్పుకోలేదు. వాళ్లు వదిలిన యంత్రాల బాగోగులు చూసే పని ప్రభుత్వ సంస్థ సీఎంసీ మీద పడింది. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ అప్పటికే సొంతంగా కంప్యూటర్లు తయారుచేస్తోంది. 1976లో ఎన్‌ఐసీ పుట్టింది. తర్వాత జిల్లా కలెక్టరాఫీసుల దాకా వచ్చింది. రైల్వే రిజర్వేషన్ 1980ల మధ్యలో ఢిల్లీలో కంప్యూటర్ మీదికెక్కింది. ఆ పని చేసింది సీఎంసీనే.

ఈ దశలో శిక్షణ అంటే లోపలివాళ్లకే. ఉద్యోగం ముందు, క్లాసు తర్వాత. ఇంజినీరింగ్ సీటో, పెద్ద డిగ్రీయో ఉంటే తప్ప ఆ గదిలో కాలు పెట్టే వీల్లేదు.

రెండు సంగతులు దీన్ని మార్చాయి. ఒకటి, 1981లో ఎన్‌ఐఐటీ, 1986లో ఆప్టెక్ వచ్చాయి. ఫీజు కట్టినవాళ్లకి ఉద్యోగం లేకపోయినా క్లాసు చెప్తాం అన్నాయి. రెండు, పీసీ వచ్చింది. పీసీతో పాటు డీబేస్ వచ్చింది, తర్వాత ఫాక్స్‌ప్రో. ఒక్క ఫ్లాపీలో పట్టేంత డేటాబేస్! ఎరువుల కొట్టు, నర్సింగ్ హోమ్, చిట్‌ఫండ్ ఆఫీసు, అందరికీ ఒక చిన్న అప్లికేషన్ కావాలి. జిల్లా కేంద్రాల్లో మెడికల్ షాపు పైన మేడ మీద నాలుగు కంప్యూటర్లు వేసుకుని, పీజీడీసీఏ బోర్డు పెట్టి, డాస్, డీబేస్, ఫాక్స్‌ప్రో నేర్పిన రోజులవి. చెప్పులు బయట వదిలి లోపలికి పోవాలి. 1990లో ప్రభుత్వం డీఓఈఏసీసీ పరీక్షలు పెట్టి ఓ లెవెల్, ఏ లెవెల్ అని సర్టిఫికెట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కాలేజీ బయట నేర్చుకున్న చదువుకి కూడా ఒక ముద్ర దొరికింది.

అమీర్‌పేట

1990ల్లో మైత్రీవనం చుట్టూ, ఆదిత్య ఎన్‌క్లేవ్ సందుల్లో ఇన్‌స్టిట్యూట్లు పుట్టగొడుగుల్లా లేచాయి. పెద్ద కంపెనీ బ్రాంచీల ఫీజు కంటే ఇక్కడ బాగా తక్కువ. ఒక కోర్సు మొత్తం కాదు, ఒక్క సబ్జెక్టు కొనుక్కోవచ్చు. ఒరాకిల్ విడిగా, డీ2కే అని పిలిచే డెవలపర్ 2000 విడిగా, విజువల్ బేసిక్ విడిగా. డెమో క్లాసు ఫ్రీ. నచ్చితే ఫీజు కట్టు. పొద్దున ఏడింటికి ఒక బ్యాచ్, సాయంత్రం ఆఫీసు అయిపోయాక ఇంకో బ్యాచ్. కంపెనీలో పనిచేస్తూ వచ్చి చెప్పే సార్లకి గిరాకీ ఎక్కువ. నోట్సు కింద జెరాక్స్ సెంటర్లో దొరుకుతుంది.

చదువుల చరిత్ర రాసేవాళ్లు అమీర్‌పేటని తీసిపారేస్తారు. నకిలీ ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్ల గురించి నవ్వుతారు. ఆ నకిలీ ఉంది, కాదనను. కానీ అక్కడ ఇంకో పెద్ద పని జరిగింది. ఇంగ్లిష్‌లో తప్ప ఎక్కడా దొరకని విద్యని సార్లు తెలుగులో విప్పి చెప్పారు. "ఫారిన్ కీ అంటే ఏం లేదమ్మా, పెళ్లికార్డు మీద ఇంటిపేరు లాంటిది, ఈ పిల్ల ఏ ఇంటిదో చెప్తుంది" అన్నట్టు చెప్పే పద్ధతి అది. పదాలు ఇంగ్లిష్‌వే, వాక్యం మాత్రం మనది. తెలుగు మీడియంలో డిగ్రీ చదివినవాళ్లు కూడా కూర్చుని అర్థం చేసుకోగలిగారంటే కారణం అదే.

దీనికి కాలం కలిసొచ్చింది. పాత కోబాల్ ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాసుకున్నారు. 2000 వస్తే యంత్రం దాన్ని 1900 అనుకుంటుందేమోనని భయం. అదే వైటూకే. వాటిని సరిచేయడానికి మనుషులు కావాలి. అమెరికా హెచ్1బీ వీసాల పరిమితిని ఏడాదికి 65,000 నుంచి 1,15,000కి, తర్వాత 1,95,000కి పెంచింది. మెయిన్‌ఫ్రేమ్ బ్యాచ్‌లు కిటకిటలాడాయి. 1998 నవంబరులో సైబర్ టవర్స్ తెరుచుకుంది. 2001 నాటికి అమెరికా మార్కెట్ పడిపోయి చాలామంది వెనక్కొచ్చారు. 2004 నుంచి వీసా పరిమితి మళ్లీ 65,000కి దిగింది. సందుల్లో బోర్డులు మారాయి, జావా వచ్చింది, డాట్ నెట్ వచ్చింది, డేటా వేర్‌హౌసింగ్ వచ్చింది. ఏ బోర్డు పెట్టినా కింద ఎస్‌క్యూఎల్ మాత్రం అట్లానే ఉండిపోయింది.

క్లాసు ఫీజు ఎక్కణ్నించి వచ్చింది

ఇక్కడ మన ప్రశ్న అడగాలి. ఆ బెంచీల మీద ఎవరు కూర్చున్నారు?

సియాంగ్ బియావో అనే చైనా పరిశోధకుడు తెలుగు ఐటీ మనుషుల వెంట హైదరాబాద్‌లో, సిడ్నీలో తిరిగి ఒక పుస్తకం రాశాడు. 2007లో వచ్చింది. ఈ శిక్షణకీ ప్రయాణాలకీ పెట్టుబడి ఎక్కణ్నించి వచ్చిందో ఆయన వెతికాడు. కోస్తా జిల్లాల నీటి పారుదల భూముల మీద మిగులు, పెళ్లిళ్లలో కట్నం డబ్బు, ఇవి ఆయనకి కనిపించాయి. అంటే క్లాసు గేటు దగ్గర ఎవరూ కులం అడగలేదు. కానీ అక్కడి దాకా రావడానికి ఆరు నెలల రూమ్ అద్దె, మెస్ బిల్లు, ఫీజు ముందే చేతిలో ఉండాలి. ఉద్యోగం రాకపోతే ఇంకో ఆరు నెలలు ఆగే ఓపిక ఇంట్లో ఉండాలి. ఆ ఓపిక కాలువ కింద పొలానికి ఉంటుంది. వాన మీద ఆధారపడ్డ పోడుకి ఎక్కడుంటుంది?

ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం, పాడేరు, సీతంపేట నుంచి వచ్చే పిల్లలకి దూరం ఒక్క కిలోమీటర్లలోనే లేదు. ఇంట్లో గోండీయో, కోయయో, సవరయో, బంజారానో. బడిలో తెలుగు. క్లాసులో ఇంగ్లిష్ కలిపిన తెలుగు. ఒకళ్లకి ఒక మెట్టు అయితే మనకి రెండు మెట్లు. ఎస్‌క్యూఎల్ కష్టమై ఆగిపోలేదు మనోళ్లు. ఎస్‌క్యూఎల్ దాకా వచ్చే బస్సు ఛార్జీ దగ్గర ఆగిపోయారు.

ఎర్రర్ రాకుండా మాయమయ్యేవాళ్లు

ఇప్పుడు 40వ నంబర్ సంగతి.

ఈఎంపీ, డెప్ట్ టేబుళ్లని డిపార్ట్‌మెంట్ నంబర్ మీద కలపండి. 14 వరసలు వస్తాయి. న్యూయార్క్ ఉంటుంది, డల్లాస్ ఉంటుంది, చికాగో ఉంటుంది. బోస్టన్ కనపడదు. ఎందుకంటే 40వ డిపార్ట్‌మెంట్‌లో ఉద్యోగులెవరూ లేరు, జత కుదరలేదు. దీన్ని ఇన్నర్ జాయిన్ అంటారు. అసలు విషయం ఏంటంటే, బోస్టన్ పోయిందని యంత్రం ఎర్రర్ చూపించదు. అంతా సరిగ్గా ఉన్నట్టే 14 వరసలు నీట్‌గా వస్తాయి. పోయినదాన్ని చూడాలంటే ఔటర్ జాయిన్ రాయాలి. పాత ఒరాకిల్‌లో బ్రాకెట్లో ఒక ప్లస్ గుర్తు పెట్టేవాళ్లు. అప్పుడు 15 వరసలు వస్తాయి. చివరిది బోస్టన్, పేరు గడి ఖాళీ.

ఆ ఒక్క ప్లస్ గుర్తు పెట్టాలని ఎవరికి తోస్తుంది? బోస్టన్ అనే ఊరు ఒకటుందని ముందే తెలిసినవాళ్లకి.

ఇప్పుడు మన జీవితాలు చూడండి. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైంది. మన రాష్ట్రంలో దాని జాబ్ కార్డు, మస్టరు, కూలి అన్నీ కంప్యూటర్ టేబుళ్లలోకి వెళ్లాయి. 2007 డిసెంబరు 31న అటవీ హక్కుల చట్టం అమల్లోకొచ్చింది. క్లెయిములన్నీ వరసలయ్యాయి. 2010 సెప్టెంబరు 29న దేశంలో మొదటి ఆధార్ నంబర్లు ఇచ్చింది ఎక్కడో తెలుసా? ముంబైలో కాదు. మహారాష్ట్ర నందుర్బార్ జిల్లాలో టెంభలీ అనే ఆదివాసీ ఊళ్లో. ప్రపంచంలోనే అతి పెద్ద మనుషుల పట్టికల్లో ఒకటి ఆదివాసీ ఊరితో మొదలైంది. పట్టికలో ఉండటం మనకి కొత్త కాదు. పట్టిక గీసే చోట ఉండటమే కొత్త.

మడావి అనే ఇంటిపేరుని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసేటప్పుడు ఒకచోట ఒక అక్షరం ఎక్కువ పడి మాధవి అయిపోయిందనుకోండి. కుమ్ర ఒకచోట, కుమ్రం ఒకచోట, కొమురం ఇంకోచోట. మనిషి ఒక్కడే. పట్టా టేబుల్‌లో ఒక స్పెల్లింగు, బ్యాంకు టేబుల్‌లో ఇంకో స్పెల్లింగు. రెండూ పేరు మీద కలిపితే జత కుదరదు. ఎర్రర్ రాదు. జాబితా నీట్‌గా వస్తుంది, అందులో ఆయన ఉండడు. ఆఫీసులో అడిగితే "సిస్టమ్‌లో లేదు" అంటారు. సిస్టమ్‌లో ఉన్నాడు. జాయిన్‌లో లేడు. ఈ తేడా తెలిసిన మనిషి ఊళ్లో ఒక్కరున్నా దరఖాస్తు రాసే పద్ధతే మారిపోతుంది. "నా పేరు లేదు" అని రాయరు. "ఈ రెండు రికార్డుల్లో నా పేరు వేర్వేరుగా ఉంది, ఈ నంబరు చూసి కలపండి" అని రాస్తారు.

ఇంకో ఉదాహరణ. అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(4) ప్రకారం పెళ్లైనవాళ్లకి హక్కు పత్రం భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలి. ఒక పట్టాకి ఇద్దరు మనుషులు. కాడ్ చెప్పిన పద్ధతిలో పట్టాలు ఒక టేబుల్, మనుషులు ఒక టేబుల్, రెండిటినీ కలిపే మూడో టేబుల్ పెట్టాలి. అట్లా కాకుండా పట్టాదారు పేరు అని ఒకే గడి పెడితే ఏమవుతుంది? చట్టం ఇచ్చిన ఆడమనిషి పేరు టేబుల్ గీసిన రోజే పోతుంది. ఏ ఆఫీసరూ కావాలని కొట్టెయ్యనక్కర్లేదు, గడి లేదంతే. అట్లాగే మన గూడేల్లో చాలావాటికి రెవెన్యూ గ్రామం హోదా లేదు. ఊరి కోడ్ తప్పనిసరి అని పెట్టి, ఆ కోడ్‌ల టేబుల్‌లో గూడెం లేకపోతే, ఆ ఊరి మనిషి వివరాలు లోపలికి పోనే పోవు.

అందుకే డేటాబేస్ శిక్షణ మనకి ఒక్క ఉద్యోగం సంగతి కాదంటున్నా. ఒకప్పుడు భూమి ఎవరిదో పట్వారీ చేతిరాత చెప్పేది. ఆ రాత చదవడం రానివాళ్ల భూములు ఎట్లా పోయాయో మన పెద్దోళ్లు చెప్తూనే ఉంటారు. ఇప్పుడు ఆ చేతిరాత ఎస్‌క్యూఎల్.

లిపి కూడా

ఒక మంచి వార్తా, దానిలో ఒక మెలికా. మసరాం గోండి లిపి 2017లో, ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊరి రాతప్రతుల్లో దొరికిన గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరాయి. అంటే కంప్యూటర్ ప్రపంచంలో ఈ అక్షరాలకి సొంత నంబర్లు వచ్చాయి. కానీ యూటీఎఫ్8 పద్ధతిలో తెలుగు అక్షరం మూడు బైట్లు పడితే, గోండి అక్షరం నాలుగు బైట్లు పడుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో చాలాకాలం యూటీఎఫ్8 అని పిలిచింది మూడు బైట్ల దాకానే దాచగలదు. అట్లాంటి టేబుల్‌లో గుంజాల గోండిలో పేరు రాస్తే ఎర్రర్ ఇస్తుంది, లేదా అక్కడితో తెంపేస్తుంది. దానికి పరిష్కారం 2010లోనే వచ్చింది, యూటీఎఫ్8ఎంబీ4 అని ఎంచుకోవాలి. టేబుల్ గీసేటప్పుడు ఒక్క మాట. ఆ మాట వెయ్యాలని గుర్తుండేది ఆ లిపి తెలిసినవాళ్లకే.

ఇప్పుడు తలుపు ఎక్కడుంది

ఒకప్పుడు యంత్రం ఖరీదు, తర్వాత కోర్సు ఫీజు, తర్వాత నగరంలో అద్దె. తాళం చోటు మారుతూ వచ్చింది. ఇప్పుడు పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ ఉచితం. ఎస్‌క్యూలైట్ అయితే మన చేతిలో ఉన్న ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్లో లోపల ఉండనే ఉంది. ఫోన్ మీదే టేబుల్ గీసి నేర్చుకోవచ్చు. మిగిలింది చెప్పేవాళ్లు, మన మాటలో చెప్పేవాళ్లు.

కాబట్టి ఇప్పటికే ఐటీలో ఉన్న అన్నలకి, అక్కలకి ఒక మనవి. సెలవులకి ఊరొచ్చినప్పుడు దగ్గర్లో ఉన్న హాస్టల్లో రెండు పూటలు కూర్చోండి. కింగ్, స్మిత్ జీతాలు వద్దు. గూడెం, కుటుంబం, పట్టా, ఈ మూడు టేబుళ్లు చాలు. ఎవరి నిజమైన వివరాలూ వాడొద్దు, ఊహించిన పేర్లు పెట్టండి. సగం గూడేలకి రెవెన్యూ కోడ్ ఖాళీగా వదలండి. కొన్ని పేర్లు రెండు రకాలుగా రాయండి. ముందు ఇన్నర్ జాయిన్ కొట్టించి, ఎవరు తప్పిపోయారో పిల్లల్నే వెతకమనండి. వెతకడం అయ్యాక ఔటర్ జాయిన్ చెప్పండి. కోయలో చెప్పగలిగితే కోయలో, గోండీలో చెప్పగలిగితే గోండీలో చెప్పండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు బీఏ చదువుతున్నా, బీజడ్‌సీ చదువుతున్నా ఇది మీకు పనికొస్తుంది. ఈ భాష రాసిన ఇద్దరూ కంప్యూటర్ చదవనివాళ్లని కూడా తలుచుకునే రాశారు. ఆ లెక్కన ఇది ముందునుంచీ మనక్కూడా రాసిపెట్టిందే.